డెల్ఫిన్ వెనక్కి నడిచిన వానాకాలం

ఆ ఏడు నైరుతి గాలి మామూలుకంటే ముందే దిగింది. నది మొగలో పడవలన్నీ ఒడ్డుకి లాగి బోర్లించారు. వేటకి వెళ్ళలేని మగవాళ్ళు పొద్దస్తమానం పేకాడుతూ, పేకలో ఓడినవాళ్ళు ఇంటికొచ్చి పెళ్ళాల మీద విసుక్కుంటూ, ఊరికి ఊరే చిరచిరలాడుతూ ఉండేది. నాకు మామూలు రోజుల్లోనే కాలు ఒకచోట నిలవదు. వాన పట్టిందంటే మరీను. బజారులో ఆల్చిప్పలు ఒలిచే బల్ల దగ్గర కాసేపు, ఇంటి దగ్గర కాసేపు, మధ్యలో బురద తొక్కుకుంటూ దారిలో కాసేపు. "నీ చెప్పులు అరగడం కాదు లూమింగ్, దారే అరిగిపోతోంది" అని మా అమ్మ వెక్కిరించేది. అమ్మని మేము నానాయ్ అంటాం.

ఇంటికి అన్నిసార్లు పరిగెత్తడం మా తమ్ముడు డెల్ఫిన్ కోసం. వాడికప్పుడు నలభై రెండేళ్ళు. నాలుగేళ్ళ క్రితం ఎడమకాలి వేళ్ళు లోపలికి ముడుచుకోవడంతో మొదలైంది. తర్వాత మెడ పక్కకి లాగేసింది. తర్వాత దవడ తనంతట తాను తెరుచుకుపోవడం. మా కపిజ్ ప్రాంతంలో ఈ జబ్బుని లుబాగ్ అంటారు. మగవాళ్ళకే వస్తుంది, అదీ పిల్లలు పుట్టి సంసారం కుదురుకున్నాక. మా పెద్దన్న అంబో దానితోనే పోయాడు. డెల్ఫిన్ పెళ్ళాం జబ్బు మొదలైన ఏడాదే పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆమెని నేను అనాల్సినవన్నీ అనేశాను కాబట్టి ఇక్కడ మళ్ళీ అనను.

ఆ వానల మొదట్లో డెల్ఫిన్ ఒక సంగతి కనిపెట్టాడు. ముందుకి రెండడుగులు వేస్తే మెలికలు తిరిగి కూలబడే మనిషి, వెనక్కి నడిస్తే మాత్రం నిక్షేపంగా నడుస్తున్నాడు. ఇక ఆగాడా? వీపు ముందుకి పెట్టుకుని రేవుదాకా, రేవు నుంచి చర్చిదాకా. పిల్లలు వెంటపడేవాళ్ళు. ముసలివాళ్ళు సిలువ గీసుకునేవాళ్ళు, ఇంతకుముందు లుబాగ్ వచ్చినవాళ్ళని కూడా దయ్యం పట్టిందనే అనుకునేవాళ్ళు కాబట్టి.

"ఏంట్రా డెల్ఫిన్, వెనక్కి పోతున్నావు?" అని పేకాట దగ్గర్నుంచి ఎవరో అడిగారు.

డెల్ఫిన్ చెంప మీద వేలు ఆనించాడు. అలా ఆనిస్తే దవడ కాసేపు మాట వింటుంది. "మేయర్ ఊరినంతా ఇలాగే నడిపిస్తున్నాడు. ఆయన్ని అడగరేం మరి?" అన్నాడు.

ఇలోయిలో పట్నం నుంచి డాక్టర్ అవెలినా తెల్ల వ్యానులో అప్పుడప్పుడు వచ్చేది. హెల్త్ సెంటర్లో లుబాగ్ ఉన్నవాళ్ళని వరసగా నడిపించి వీడియో తీసేది, రక్తం తీసుకునేది, వాళ్ళ అక్కచెల్లెళ్ళ రక్తం కూడా. నాకు ఆవిడంటే ఇష్టమే. కానీ వ్యాను చూడగానే ఒళ్ళు మండేది.

"ఇక్కణ్ణుంచి ఎన్ని సీసాలు పట్టుకెళ్ళారు డాక్టర్? తిరిగి ఒక్క సీసా మందైనా తెచ్చారా?" అని అడిగాను ఆ సారి.

"తిట్టండి మనాంగ్. కూర్చుని తిట్టండి, బీపీ చూడాలి" అందావిడ. అక్కని మనాంగ్ అంటారు మా వైపు.

కూర్చున్నాను. ఆవిడ పట్టీ చుడుతూ చెప్పింది. జబ్బు ఏ జన్యువులో ఉందో దొరికిందట. అది మెదడులో ఏ మూల, ఎలా పాడుచేస్తోందో ఇంకా తెలియదట. అది తెలిస్తే ఆపే మందు తయారుచేయడానికి దారి దొరుకుతుందట. "రక్తం సగమే చెబుతుంది. మిగతా సగం తలలో ఉంది. బతికున్న మనిషి తల తెరిచి చూడలేం కదా."

గోడకి వీపు ఆనించి నిలబడ్డ డెల్ఫిన్ వేలు చెంప మీద పెట్టుకున్నాడు. "చచ్చాక చూడొచ్చా?"

డాక్టర్ పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. ఆవిడ ఆ మాట అడగడానికే ఇన్నాళ్ళుగా నోరు పెగలక తిరుగుతోందని నాకప్పుడు అర్థమైంది.

"చూడొచ్చు," అందావిడ. "కానీ పోయిన కొన్ని గంటల్లోనే తీయాలి. శవం పాడవకుండా మందు ఎక్కిస్తారే, దానికంటే ముందే. ఇంకోటి, డెల్ఫిన్. నువ్వొక్కడివి ఒప్పుకుంటే చాలదు. మీ అమ్మ వద్దంటే నేను ముట్టుకోను."

నేను నా ఇద్దరు కొడుకుల గురించి ఆలోచించాను. పెద్దవాడి పేరు రొనీలో, చేపల వేటకి పోతాడు. చిన్నవాడు డాంటే ట్రైసికిల్, అంటే పక్కన తొట్టె తగిలించిన మోటారు బండి, బాడుగకి నడుపుతాడు. ఇద్దరికీ కాళ్ళు, మెడలు తిన్నగా ఉన్నాయి, ఇప్పటికి. డెల్ఫిన్ మెదడు వాళ్ళకి కావాలి. ఇంత మొరటుగానే అనుకున్నాను, అలాగే చెబుతున్నాను.

ఇంటికెళ్ళి చెబితే నానాయ్ బియ్యం చెరుగుతూనే వింది. చివరికి డెల్ఫిన్ వైపు చూసి అంది: "దేవుడు అందరినీ లేపిన రోజు నువ్వు ఖాళీ తలతో లేస్తావా?"

"ఆ రోజు తిన్నగా నడిస్తే చాలు నానాయ్. ఆలోచించే పని దేవుడిదే" అన్నాడు డెల్ఫిన్.

ఆమె నవ్వలేదు. "నా కొడుకుని చేపలా కోయనివ్వను" అని లోపలికి వెళ్ళిపోయింది.

*

డాక్టర్ మళ్ళీ వారం తిరక్కుండానే వచ్చింది, ఈసారి నేరుగా మా ఇంటికి. నానాయ్ కాఫీ ఇచ్చి, ఉడికించిన అరటికాయలు పెట్టింది. అతిథిని ఎంత కోపంలోనైనా పస్తు పంపదు. ఆవిడ మెదడు మాట ఎత్తుతుందేమోనని నేను వంటింటి గుమ్మానికీ మెట్లకీ మధ్య తచ్చాడుతున్నాను. ఆవిడ ఎత్తలేదు. కుటుంబం గురించి అడిగింది.

"ఇదంతా మా ఆయన చేసిన పాపం," అంది నానాయ్. ఈ కథ మాకు కంఠతా వచ్చు. "డెల్ఫిన్ కడుపులో ఉన్నాడు. ఈయన చెరువు గట్టున ఒక కొంగని పట్టుకుని, ఊరికే, సరదాకి, మెడ మెలితిప్పి పారేశాడు. కడుపుతో ఉన్న పెళ్ళాం ఇంట్లో ఉండగా మగవాడు అలాంటి పని చేస్తాడా? చూడండి వీడి మెడ."

"అంబో కడుపులో ఉన్నప్పుడు?"

"అప్పుడు తాళ్ళు పేనేవాడు. వద్దని మొత్తుకున్నా."

మా నాన్న పోయేదాకా ఈ మాట పడ్డాడు. పోయాక కూడా పడుతూనే ఉన్నాడు.

"లోలా కొన్సింగ్, మీకు అన్నదమ్ములు ఉండేవాళ్ళా?" అంది డాక్టర్. కొన్సింగ్ నానాయ్ పేరు, లోలా అంటే అమ్మమ్మ.

"ఇద్దరు. పెద్దవాడు పసితనంలోనే పోయాడు. రెండోవాడు ఫెలిమోన్, నెగ్రోస్ దీవిలో చెరుకు తోటలకి కూలికి పోయాడు. అక్కడ తాగుడు మరిగి, ఎందుకూ పనికిరాకుండా తిరిగొచ్చాడు. తూలుతూ నడిచేవాడు. మాట ముద్దగా వచ్చేది. మెడ ఇలా..."

నానాయ్ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"అప్పుడాయన వయసెంత?"

"నలభై దాటి ఉంటాడు."

"తాగుతుండగా మీరెప్పుడైనా చూశారా?"

నానాయ్ చెయ్యి ఒళ్ళోకి దింపుకుంది. "నేను చూళ్ళేదు. అందరూ అన్నారు. నేనూ అన్నాను."

డాక్టర్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఇది తల్లి వైపు నుంచి వస్తుంది లోలా. తల్లికి రాదు, తల్లి నుంచి కొడుకులకి వస్తుంది. మీరు చేసిన తప్పు కాదు. మీ అమ్మ తప్పూ కాదు. ఎవరి కంటి రంగు వాళ్ళ తప్పు కాదు కదా, ఇదీ అంతే."

"మరి కొంగ?"

"కొంగకీ దీనికీ ఏ సంబంధం లేదు."

నానాయ్ నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు. హెల్త్ సెంటర్లో చెప్పారు."

"అయితే నీ పిల్లలు..."

నీళ్ళ కుండ నిండుగానే ఉంది, అయినా బిందె తీసుకుని బయటికి వెళ్ళాను. నాకు భయం. ఆ భయానికి కూర్చునే చోటు ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం నానాయ్ ఒక గిన్నెలో అన్నం, ఎండుచేప పెట్టుకుని, అరిటాకు నెత్తి మీద కప్పుకుని శ్మశానానికి బయల్దేరింది. చనిపోయినవాళ్ళ పండగకి ఇంకా నాలుగు నెలలుంది. ఎందుకని ఎవరం అడగలేదు. నాన్న సమాధి దగ్గర ఏం మాట్లాడిందో తెలియదు. తడిసి ముద్దయి వచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొంగ కథ వినపడలేదు.

అంతమాత్రాన మెదడు సంగతికి ఒప్పుకోలేదు. ఇంకా మొండికేసింది.

*

వానలు ముదిరాయి. డెల్ఫిన్‌కి వెనక్కి నడక కూడా పోయింది. మంచం మీద పడుకోబెడితే ఒళ్ళు విల్లులా వంగి కిందికి జారేవాడు, అందుకని నేల మీద చాపలు పరిచి చుట్టూ దిండ్లు పెట్టాం. నిద్రలో మాత్రమే ఒళ్ళు వదిలేది. మెలకువ వచ్చిందంటే మళ్ళీ పెనుగులాట. పడుకున్నవాడి కాళ్ళు చాప మీద రాసుకుంటున్న చప్పుడు ఇల్లంతా ఉండేది. ఆ చప్పుడు వినలేక నేను బజారుకి పరిగెత్తేదాన్ని, బజారులో ఆ చప్పుడు వినపడక ఇంటికి పరిగెత్తుకొచ్చేదాన్ని.

మింగడం కష్టమైంది. నానాయ్ బియ్యం జావ చెంచాతో పడుతుంటే ఒక రోజు నేను మళ్ళీ మొదలుపెట్టాను.

"ఒప్పుకో నానాయ్. వాడే ఇస్తానంటున్నాడు."

"శవాలకి మందు ఎక్కించే గోరియో అంబోని ఎంత బాగా తయారుచేశాడో చూశావుగా. నిద్రపోతున్నట్టు ఉన్నాడు పెట్టెలో. ఊరంతా వచ్చి చూశారు. వీణ్ణి తల కోసి చూపించనా వాళ్ళకి?"

"ఊరికి చూపించడానికా మనం బతికేది? రేపు రొనీలోకీ ఈ జబ్బు వస్తే ఏం చేస్తావు? వాడికీ జావ పడతావా?"

నానాయ్ చెంచా గిన్నెలో పెట్టింది. "వీడింకా బతికే ఉన్నాడు లూమింగ్. ఊపిరి తీస్తుండగానే వీడి శవాన్ని పంచుతున్నావు."

ఆ మాట సూటిగా తగిలింది. నేను లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఏం చేయాలో తెలియక తడిబట్టలు తీసి మళ్ళీ అదే తీగ మీద ఆరేశాను.

వెనక నుంచి డెల్ఫిన్ గొంతు వచ్చింది. వేలు చెంపకి ఆనించడానికి చెయ్యి సహకరించక, భుజంతో చెంపని అదుముకుంటున్నాడు. ఒక్కో మాట లాగి లాగి అన్నాడు. "మీరిద్దరూ నా తల కోసం కొట్టుకుంటుంటే బాగుంది. బతికుండగా దానికి ఇంత గిరాకీ లేదు."

భుజాన్ని చెంపకి ఇంకా గట్టిగా అదిమాడు.

"నానాయ్. ఇందులో ఏముందో నాకూ చూడాలనుంది. నేను చూళ్ళేను. ఎవరో ఒకరు చూడనీ."

"ముందు మింగు" అంది నానాయ్, వాడి గడ్డం తుడుస్తూ.

*

ఆగస్టు చివర్లో జావ ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం పట్టుకుంది. ఆసుపత్రికి రానన్నాడు. ఒక ఉదయం, బాగా తెల్లారాక, నానాయ్ వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఉండగా పోయాడు. ముందు కాళ్ళు ఆగాయి. తర్వాత ఊపిరి. మెడ తనంతట తాను తిన్నగా వచ్చింది. ఈ నాలుగేళ్ళలో మెలకువగా ఉన్న డెల్ఫిన్ మొహం ఎదురుగా ఎప్పుడూ చూళ్ళేదని అప్పుడు తట్టింది. అందంగా ఉన్నాడు నా తమ్ముడు. గట్టిగా ఏడ్చాను.

పక్కింటి పిదింగ్ మంచి మనిషి. మా ఏడుపు వినగానే ఈ ఊళ్ళో ఎవరైనా చేసే పనే తనూ చేసింది. గోరియోకి ఫోన్ చేసింది. మా దగ్గర శవాన్ని తొమ్మిది రోజులు ఇంట్లో ఉంచుతాం. ఎండల్లో, వానల్లో అన్నాళ్ళు ఉండాలంటే వెంటనే మందు ఎక్కించాలి. మనిషి పోయాడంటే ఫాదర్ కంటే ముందు గోరియోకి కబురు వెళ్తుంది. ఆయన మందు ఒక్కసారి ఒంట్లోకి వెళ్ళిందా, ఇక డాక్టర్ వచ్చినా చేసేదేమీ లేదు.

నేను డాక్టర్‌కి ఫోన్ చేశాను. నానాయ్ నన్ను చూస్తూనే ఉంది. వద్దనలేదు. సరే అని కూడా అనలేదు.

"బయల్దేరుతున్నాం," అంది డాక్టర్ గొంతు. "వంతెన దగ్గర నీళ్ళు వచ్చాయంటున్నారు, చుట్టూ తిరిగి రావాలి. ఈలోగా తల చల్లగా ఉంచాలి. అమ్మ ఒప్పుకుంటేనే మనాంగ్. ఐసు దొరుకుతుందా అక్కడ?"

"చేపల బజారులో బతికేదాన్ని, నన్నా ఐసు అడుగుతున్నారు?" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

డాంటే ట్రైసికిల్ మీద నేను బజారుకి పోయి రెండు పెట్టెల ఐసు పొడి చేయించుకుని తిరిగొచ్చేసరికి, మా ఇంటి ముందు గోరియో వ్యాను ఉంది. అయిపోయింది అనుకున్నాను.

కాలేదు. గోరియో వానలో తన మందుల పెట్టె పట్టుకుని మెట్ల కింద నిలబడి ఉన్నాడు. నానాయ్ గుమ్మంలో, గడప మీద, రెండు చేతులూ రెండు ద్వారబంధాలకి ఆనించి కూర్చుని ఉంది. ఇంట్లో ఎవరు గడప మీద కూర్చున్నా చీపురు తిరగేసే మనిషి ఆమె.

"జరుగు కొన్సింగ్," అంటున్నాడు గోరియో. "ఆలస్యమైతే మొహం పాడవుతుంది. తర్వాత నన్ననకు. అంబోని ఎంత బాగా తయారుచేశానో మరిచిపోయావా?"

"మరిచిపోలేదు. నిద్రపోతున్నట్టే చేశావు. నేనూ అదే చాలనుకున్నాను. వాడి తలలో ఏముందని ఎవరం అడగలేదు."

"ఎవరికి కావాలమ్మా ఇప్పుడది?"

"ఫెలిమోన్‌ని తాగుబోతన్నాను. మా ఆయన్ని జీవితాంతం తిట్టాను. రేపు రొనీలోకి వస్తే ఎవరిని తిట్టను? ఇంక నా దగ్గర మనుషులు లేరు గోరియో. అదేంటో వాళ్ళని చూడనీ."

గోరియో పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మరి నేనేం చెయ్యను?"

"వచ్చావుగా. కాఫీ తాగి కూర్చో. వాళ్ళ పనయ్యాక నీ పని."

నేను ఐసు పెట్టెతో వెళ్తే నానాయ్ మోకాళ్ళు పక్కకి జరిపింది, నేను పట్టేంత. డెల్ఫిన్ తల చుట్టూ తువ్వాలు కప్పి, దాని చుట్టూ ఐసు సర్దాను. కింద ఒక వరస, పక్కల, పైన. రోజూ చేపలకి చేసే పనే. నన్ను అడక్కుండానే చేతులు చేసుకుపోయాయి, దానికే నాకు ఎక్కువ దుఃఖం వచ్చింది.

మధ్యాహ్నం దాటాక తెల్ల వ్యాను వచ్చింది. డాక్టర్ మోకాళ్ళదాకా బురదతో మెట్లెక్కి నానాయ్ ముందు ఆగింది. "లోలా, మీరు చెప్పాలి."

నానాయ్ డాక్టర్ భుజం పట్టుకుని లేచి, పక్కకి తప్పుకుంది. వాళ్ళు స్ట్రెచర్ దింపుతుంటే మాత్రం అంది: "మెడ దగ్గర జాగ్రత్త. అక్కడ వాడికి నొప్పి ఉండేది."

ఊళ్ళోని ఆసుపత్రిలో తీశారు. సాయంత్రానికి తిరిగి తెచ్చారు. గోరియో తన పనితనమంతా చూపించి, చివర్లో డెల్ఫిన్ వేటకి పెట్టుకునే నీలం టోపీ పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే.

*

తొమ్మిది రోజులూ జనం వచ్చారు. పేక ఆడారు, బిస్కట్లు తిన్నారు, జపమాల చెప్పారు. వార్త ఎలాగూ ఆగదు. ఒక ముసలాయన శవపేటిక మీదికి వంగి, "కొన్సింగ్, వీడి తల ఖాళీయట కదా?" అన్నాడు.

"ఖాళీ కాదు," అంది నానాయ్ కాఫీ పోస్తూ. "పనికెళ్ళింది. నువ్వు వానాకాలమంతా పేకాడావు చూడు, అలా కాదు వాడు."

డెల్ఫిన్‌ని మట్టి చేశాక, జపం ముగిసిన రోజు భోజనానికి డాక్టర్ వచ్చింది. రొనీలో, డాంటే వడ్డిస్తున్నారు. నేను వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి తిరుగుతున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే భయం, ఆవిడ ఏమైనా చెబుతుందేమోనని. దూరంగా ఉండాలన్నా భయం, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతుందేమోనని.

నానాయే అడిగింది. "ఏమైనా కనిపించిందా?"

"ఇంకా చూడటం మొదలే కాలేదు లోలా. ఏళ్ళు పడుతుంది. అబద్ధం చెప్పను."

"రొనీలోకి ముప్పై ఏళ్ళు."

"తెలుసు" అంది డాక్టర్. ఆవిడ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. రొనీలో కూర గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి విన్నాడు. ఇన్నాళ్ళూ ఈ మాట వాడి ముందు ఎవరం అనలేదు.

నానాయ్ కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "నాలోనూ అదే ఉందన్నారు. నా తమ్ముణ్ణి మెలితిప్పింది, నా ఇద్దరు కొడుకుల్నీ మెలితిప్పింది. నన్నెందుకు వదిలేసింది?"

"తెలియదు."

"ఆడవాళ్ళ తల చూశారా ఎప్పుడైనా? తల్లిది?"

"లేదు లోలా. ఏ తల్లీ ఇస్తాననలేదు."

"మీరు అడిగారా?"

డాక్టర్ తల దించుకుంది. "లేదు."

"నేను చెబుతున్నాగా. నాది తీసుకోండి." ఇంకొంచెం అన్నం పెట్టనా అన్నట్టే అంది. తర్వాత నా వైపు తిరిగింది. "గోరియో డాక్టర్ కంటే ముందే వస్తాడు. అప్పుడు గుమ్మంలో నువ్వే కూర్చోవాలి. ఇలా లోపలికీ బయటికీ తిరుగుతుంటే వాడు లోపలికి దూరిపోతాడు. కూర్చోవడం నేర్చుకో లూమింగ్."

నేను ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నాను. రొనీలో గిన్నె కింద పెట్టి, గోడ వారనున్న కుర్చీ తెచ్చి నా వెనక వేశాడు. కూర్చున్నాను.